సైన్యం తూకంలో కొండబిడ్డలు: బరువు కొలతల వెనుక చరిత్ర

ఆర్మీ ర్యాలీ ప్రకటన వెలువడిందంటే మన గూడేల్లో కుర్రాళ్లు తెల్లవారుజామునే రోడ్డెక్కుతారు. ఘాట్ రోడ్డు మీద పరుగు తీస్తారు, చెట్టుకొమ్మకు వేలాడి పుల్‌అప్స్ చేస్తారు. పరుగు విషయంలో మనవాళ్లకు పెద్దగా బెంగ ఉండదు. చిన్నప్పటి నుంచి కొండలెక్కి దిగిన కాళ్లు అవి. బెంగంతా ఆ తరువాత వచ్చే టేపు దగ్గర, బరువు మెషిన్ దగ్గర. పరుగులో ముందు వచ్చి, బరువు అరకేజీ తక్కువై ఇంటిదారి పట్టిన పిల్లలు మనకు కొత్త కాదు. అలా తిరిగొచ్చినవాడు తరచుగా అనే మాట ఒకటుంది: "మన ఒళ్లింతే, మన జాతే ఇంత." అతని చుట్టూ ఉన్న పెద్దలు కూడా అవునన్నట్టు తల ఊపుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామనే ఈ వ్యాసం. ఇందుకోసం కొంచెం దూరం, రెండు మూడు దేశాలు తిరిగి రావాలి. ఓపిక పట్టండి.

సైన్యాలు మొదట చూసింది బరువు కాదు, ఎత్తు. 18వ శతాబ్దపు తుపాకీ చాలా పొడవుగా ఉండేది. మందు, గుండు గొట్టం మూతి నుంచి వేసి, పొడవాటి చువ్వతో దట్టించాలి. పొట్టివాడికి అది కష్టం. దానికి తోడు రాజులకు పొడవాటి సిపాయిలు వరుసగా నిలబడితే చూడముచ్చట. ప్రష్యా రాజు మొదటి ఫ్రెడ్రిక్ విల్హెల్మ్ అయితే దేశదేశాల నుంచి పొడగరులను ఏరి తెప్పించి ఒక రెజిమెంటే నిలబెట్టాడు. ఆ రెజిమెంట్ యుద్ధంలో చేసిందేమిటంటే చెప్పుకోదగ్గది కనబడదు.

బరువు సంగతి తరువాత వచ్చింది. సిపాయి వీపు మీద సామాను, తుపాకీ, తూటాలు, నీళ్లు, రొట్టె అన్నీ కలిపి ఇరవై కేజీలు దాటుతాయి. 70 కేజీల మనిషికి అది తన బరువులో మూడో వంతు కన్నా తక్కువ. 45 కేజీల మనిషికి దాదాపు సగం. దూరం నడిచేటప్పుడు మోకాళ్లు, నడుము ఆ తేడాను పట్టి ఇస్తాయి. పైగా జ్వరం వచ్చినా, మంచుకొండల మీద తిండి సరిగా ఎక్కకపోయినా, ఒంట్లో కాస్త నిల్వ ఉన్నవాడే నిలదొక్కుకుంటాడు. కాబట్టి బరువు చూడటంలో అసలు న్యాయమే లేదనడం సరికాదు. గొడవంతా కొలవడం దగ్గర లేదు. గీత ఎక్కడ గీశారు, ఎందుకు గీశారు, దాన్ని ఎప్పుడు జరిపారు అన్న దగ్గరే ఉంది.

ఈ రోజు మెడికల్‌లో మీ బరువును మీ ఎత్తుతో లెక్క కట్టే సూత్రం బెల్జియం దేశపు గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లేది. ఆయన వైద్యుడు కాదు. నక్షత్రాల లెక్కలు చేసే మనిషి. 1830లలో మనుషుల కొలతలు పోగేసి, పెద్దవాళ్లలో బరువు అనేది ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుందని గమనించాడు. అంటే కేజీల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. దీనికి బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ, అన్న పేరు పెట్టింది మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. జనసమూహాల లెక్కలకు పుట్టిన సూత్రం అది. ఒక్కొక్క మనిషి కండ ఎంత, కొవ్వు ఎంత, దమ్ము ఎంత అన్నది దానికి తెలియదు.

కెట్లేకు ఆ కొలతల్లో చాలా భాగం సైన్యాల నుంచే దొరికింది. స్కాట్లాండ్ సిపాయిల ఛాతీ కొలతలు 5,738 తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో నిర్బంధ సైనిక సేవకు పిలిచిన లక్షమంది ఎత్తులు పరిశీలించాడు. అక్కడ ఒక తమాషా బయటపడింది. 157 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్నవాళ్లకు సైన్యం నుంచి మినహాయింపు. ఆ గీత కింద ఉండాల్సిన దానికన్నా సుమారు 2,000 మంది ఎక్కువగా ఉన్నారు, గీతకు కాస్త పైన ఉండాల్సినవాళ్లు అంతమేర తగ్గారు. అంటే మోకాళ్లు వంచో, కొలిచేవాడిని మంచి చేసుకునో పొట్టివాళ్లుగా నమోదయ్యారన్నమాట. వాళ్లు తప్పించుకోవడానికి కుంచించుకుపోయారు. మనవాళ్లు చేరడానికి అరటిపళ్లు తిని, నీళ్లు తాగి ఉబ్బుతున్నారు. గీత ఎక్కడుంటే అక్కడ జనం ఇలా అటూ ఇటూ జరుగుతూనే ఉంటారు.

ఇప్పుడు ఇంగ్లండు సంగతి. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. మిల్లుల పట్టణం మాంచెస్టర్‌లో సుమారు 11,000 మంది సైన్యంలో చేరతామని ముందుకొస్తే 8,000 మందిని పనికిరారని పంపేశారని అప్పట్లో అందరూ చెప్పుకున్న లెక్క. ప్రపంచాన్ని ఏలుతున్నామనుకునే దేశానికి అది తల కొట్టేసినట్టయింది. ఎత్తు లేదు, బరువు లేదు, ఛాతీ లేదు, పళ్లు పుచ్చిపోయాయి. అక్కడి పెద్దమనుషులు కొందరు ఏమన్నారో తెలుసా? పట్టణాల పేదల రక్తమే పాడైపోయిందని, జాతే క్షీణిస్తోందని అన్నారు. మన కుర్రాడు "మన జాతే ఇంత" అన్నాడే, సరిగ్గా అదే మాట తెల్లవాళ్లు తమ తెల్ల పేదల గురించి అన్నారు.

ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1904లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. రక్తం పాడైందనడానికి ఆధారం లేదు, తరతరాలుగా దిగజారుతున్న జాతి ఏదీ లేదు, తిండి చాలక, ఇరుకిళ్లలో గాలి ఆడక, పసితనంలో పాలు లేక ఇలా తయారయ్యారు అని దాని సారాంశం. బడి పిల్లలకు అన్నం పెట్టండి, డాక్టర్ల చేత పరీక్ష చేయించండి అని చెప్పింది. 1906లో బడి భోజనాల చట్టం వచ్చింది. మరుసటి ఏడు బడుల్లో వైద్య పరీక్షల ఏర్పాటు జరిగింది. సైన్యపు కాటా మీద తేలిపోయిన కుర్రాళ్ల వల్ల బడిలో పళ్లెం నిండింది. నా మటుకు నాకు ఈ చరిత్ర అంతటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు.

పదేళ్లు తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 ఆగస్టులో బ్రిటన్‌లో చేరడానికి జనం ఎగబడ్డారు. తట్టుకోలేక సెప్టెంబరులో కనీస ఎత్తును ఒక్కసారిగా 5 అడుగుల 6 అంగుళాలకు పెంచారు. కుర్రాళ్లు రాత్రికి రాత్రి పొట్టివాళ్లైపోలేదు కదా! రద్దీ తగ్గగానే నవంబరుకల్లా మళ్లీ 5 అడుగుల 3 అంగుళాలకు దించారు. అదీ చాలక, బర్కెన్‌హెడ్ అనే ఊళ్లో 5 అడుగుల నుంచి 5 అడుగుల 3 అంగుళాల మధ్యవాళ్లతో ప్రత్యేక దళాలు పెట్టారు. పొట్టి పందెం కోడి పేరు మీద వాటిని బాంటమ్ బెటాలియన్లు అన్నారు. ఎత్తు తక్కువైనా ఛాతీ దిట్టంగా ఉండాలని షరతు. బొగ్గు గనుల్లో వంగి పనిచేసిన కార్మికులు వాటిలో చాలామంది చేరారు. మనుషులు అక్కర్లేనప్పుడు గీత పైకి వెళ్తుంది, కావలసినప్పుడు కిందికి వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మన దేశంలోనూ ఇదే చూస్తాం.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకూ ఇదే అనుభవం. 1930లలో పంటలు పోయి, పనులు పోయి, జనం పస్తులున్న కాలంలో పెరిగిన పిల్లలు 1940 తరువాత మెడికల్‌కు వస్తే, చాలామంది తిండి చాలని ఒళ్లతో వచ్చారు. యుద్ధం ముగిశాక 1946లో అక్కడ జాతీయ బడి భోజన చట్టం చేస్తూ, దాన్ని దేశ భద్రతకు సంబంధించిన పనిగానే చట్టంలో రాసుకున్నారు.

ఆ కాలంవాడే ఆడీ మర్ఫీ. టెక్సాస్‌లో కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. అయిదో తరగతిలో బడి మానేసి పత్తి ఏరడానికి వెళ్లాడు. ఇంట్లో కూర కోసం కుందేళ్లు వేటాడేవాడు. 1942లో సైన్యానికి వెళ్తే వయసు చాలదు, బరువు చాలదు అని వెనక్కి పంపారు. అక్క చేత వయసు పెంచి రాయించుకుని చివరికి పదాతి దళంలో చేరాడు. ఆనాటి వైద్య పరీక్ష కాగితంలో అతని ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలన్నర, బరువు 112 పౌన్లు. మన లెక్కలో 166 సెంటీమీటర్లు, 51 కేజీలకు కాస్త తక్కువ. చేరాక కూడా అతన్ని వంటశాలకు పంపేద్దామని చూశారు. ఒప్పుకోలేదు. 1945 జనవరి 26న ఫ్రాన్స్‌లో తగలబడుతున్న యుద్ధ శకటం మీదికి ఎక్కి, దాని మెషిన్‌గన్‌తో ఒక్కడే జర్మన్ దళాన్ని ఆపాడు. అమెరికా అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. 166 సెంటీమీటర్లు, 50 కేజీలు అన్న ఈ అంకెలు కాసేపట్లో మళ్లీ మన ముందుకు వస్తాయి.

సినిమా నటుడు జేమ్స్ స్టువర్ట్‌ది మరో రకం కథ. బాగా పొడగరి, బక్కపలచన. 1940లో బరువు చాలక వెనక్కి పంపారు. అతను ఊరుకోకుండా తిండి పెంచి, కసరత్తు చేసి 1941 మార్చిలో మళ్లీ వెళ్లి చేరాడు. బాంబర్ విమానాలు నడిపాడు. అతనికి తిండి కొనుక్కునే స్తోమత ఉంది, మర్ఫీకి లేదు. తేడా అక్కడే.

ఇక మన దేశానికి వద్దాం. తెలుగు నేలకు సైన్యంతో ఉన్న సంబంధం చాలా పాతది. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంత ఉన్నారంటే, అక్కడ సిపాయి అన్నమాటకే 'తిలంగా' అన్న పేరు వచ్చింది. 1857 తిరుగుబాటు తరువాత లెక్క మారింది. కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధవీరులు, మిగతావాళ్లు కారు అనే సిద్ధాంతాన్ని బ్రిటిష్ అధికారులు నెత్తికెత్తుకున్నారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉండి, తరువాత మొత్తం భారత సైన్యాధిపతి అయిన లార్డ్ రాబర్ట్స్ ఈ నమ్మకానికి పెద్ద దన్ను. దక్షిణాదివాళ్లలో యుద్ధగుణం పోయిందని ఆయన అభిప్రాయం. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. పంజాబ్, నేపాల్ వైపు నుంచి చేర్చుకోవడం పెరిగింది. ఏ కులంవాళ్ల ఒళ్లు ఎలా ఉంటుంది, ఏ జిల్లావాడిని తీసుకోవాలి అని అధికారుల కోసం చేతిపుస్తకాలు కూడా అచ్చువేశారు.

తమాషా ఏమిటంటే, అదే కాలంలో మన వాళ్లను కొలిచిన టేపు మరొకటి ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ కొలత పరికరాలు వెంటబెట్టుకుని తిరిగాడు. కొండజాతుల ఎత్తు, తల వెడల్పు, ముక్కు పొడవు కొలిచి పుస్తకాల్లో ఎక్కించాడు. 1909లో ఏడు సంపుటాలుగా అచ్చయింది ఆ పని. మనల్ని సిపాయిలుగా తీసుకోవడానికి కొలవలేదు. వింత వస్తువుల్లా జాబితా రాసుకోవడానికి కొలిచారు. ఆ పుస్తకాల్లో మన ఆచారాల గురించి పనికొచ్చే సమాచారం ఉంది, కాదనను. కానీ ముక్కు కొలిచినవాడు కంచంలో ఏముందో కొలవలేదు.

ఆదివాసీల ఒళ్లు అప్పటి సైన్యానికి అసలు పనికిరాలేదా? పనికొచ్చింది, వాళ్లకు కావలసినప్పుడు. 1825లోనే ఖాందేష్‌లో జేమ్స్ అవుట్రామ్ భిల్లులతో ఒక దళం నడిపాడు. 1841లో మేవాడ్ భిల్ దళం ఏర్పడింది. అడవి దారులు తెలిసిన మనుషులు కావాలి గనుక తీసుకున్నారు. 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో బరువులు మోయడానికి, రోడ్లు వేయడానికి, చెట్లు కొట్టడానికి మనుషులు కావలసి వచ్చింది. అప్పుడు సంతాల్, ఒరావ్, ముండా, హో, నాగా, లుషాయ్, ఖాసీ, గారో ఇళ్ల నుంచి వేలమందిని లేబర్ కోర్‌లో సముద్రం దాటించారు. తుపాకీ మోయడానికి చాలని భుజం యుద్ధసామాను మోయడానికి చాలింది! ఈ పిలుపుకు ఒప్పుకోక మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడ్డారు. ఆ పోరు 1919 దాకా సాగింది.

మన మన్యంలో 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నవాళ్లు ఎవరూ ఏ మెడికల్లోనూ పాసైనవాళ్లు కాదు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు బ్రిటిష్ అధికారులు నేలకొరిగారు. మామూలు పోలీసులతో కాదని తేలాక మలబారు స్పెషల్ పోలీసులను, ఆ తరువాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. అస్సాం రైఫిల్స్‌లో ఎక్కువమంది నేపాలీలు, ఈశాన్య కొండలవాళ్లు. కొండల్లో నడవాలంటే కొండవాడే కావాలని తెలుసు. అయినా మన కొండల నుంచి తమ సైన్యంలోకి చేర్చుకునే ఆలోచన రాలేదు. ఎందుకు రాలేదో వేరే చెప్పక్కర్లేదు, నమ్మకం లేదు. బరువు అనేది చాలాసార్లు పైకి చెప్పే కారణమే.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం, 1945కల్లా దాదాపు 25 లక్షలకు చేరింది. ఇంతమంది ఆ పాత 'వీరజాతుల' నుంచే ఎక్కడొస్తారు? మద్రాసు పటాలాలు మళ్లీ లేచాయి. 1941లో షిల్లాంగ్‌లో అస్సాం రెజిమెంట్, అదే ఏడు బిహార్ రెజిమెంట్ ఏర్పడ్డాయి. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలు బిహార్ రెజిమెంట్‌లో చేరారు. శరీర కొలతలు సడలించారు. బరువు తక్కువున్న కుర్రాళ్లను చేర్చుకుని, శిక్షణ కేంద్రంలో మూడు పూటలా తిండి పెట్టి బరువు పెంచుకున్నారు. కొద్ది నెలల్లోనే వాళ్ల ఒళ్లు మారిపోయాయి. ఒక జాతి ఒళ్లు 'ఇంతే' అయితే నాలుగు నెలల రేషన్‌తో మారదు కదా.

కొలతలు పట్టించుకోనప్పుడు ఎవరు లోపలికి వచ్చారో చూడండి. నేపాల్ కొండల నుంచి వచ్చిన లచ్ఛిమన్ గురుంగ్ ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, అంటే 150 సెంటీమీటర్లు. మామూలు రోజుల్లో అతన్ని ద్వారం దగ్గరే ఆపేసేవాళ్లు. 1940లో చేరాడు. 1945 మే నెలలో బర్మాలోని తౌంగ్‌డా దగ్గర రాత్రి దాడిలో, కందకంలో పడ్డ గ్రెనేడ్లను తిరిగి విసురుతుండగా ఒకటి చేతిలోనే పేలి కుడిచేయి పోయింది. ఎడమచేత్తో తుపాకీ నింపుకుంటూ నాలుగు గంటలు శత్రువును ఆపాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

మన ఆదివాసీ బిడ్డ ఆల్బర్ట్ ఎక్కా పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గుమ్లా వైపు జారి గ్రామానికి చెందిన ఒరావ్ కుర్రాడు. 1962లో బిహార్ రెజిమెంట్‌లో చేరి, తరువాత గార్డ్స్ బ్రిగేడ్ 14వ బెటాలియన్‌కు వెళ్లాడు. 1971 డిసెంబర్ 3న గంగాసాగర్ దగ్గర శత్రువు మెషిన్‌గన్ స్థావరాలను ఒక్కొక్కటిగా మూయించి ప్రాణం విడిచాడు. పరమవీర చక్ర వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత సైన్యం తలుపులు అన్ని వర్గాలకూ తెరుస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కొలతలు మాత్రం ప్రాంతాలవారీగా ఉండిపోయాయి. మొన్నమొన్నటిదాకా జనరల్ డ్యూటీ సిపాయికి మన తెలుగు రాష్ట్రాలున్న దక్షిణ ప్రాంతంలో ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, బరువు 50 కేజీలు అని ప్రకటనల్లో ఉండేది. మర్ఫీ కాగితం గుర్తొచ్చిందా? గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాలవారికి 162 సెంటీమీటర్లు, 77, 48 కేజీలు. ఈ రెండో వరుస సంగతి తెలియక 164 సెంటీమీటర్లున్న పిల్లలు ఇంటి దగ్గరే ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ప్రకటన మొత్తం చదవండి, చదవలేనివాళ్లకు చదివి చెప్పండి. ఏ ధ్రువపత్రం అడిగారో చూసి ముందే తీయించుకోండి.

ఇటీవల బరువుకు ఒకే అంకె పెట్టడం మాని, ఎత్తు, వయసు బట్టి సైనిక వైద్య విభాగం పట్టిక చూస్తున్నారు. ఆ పట్టిక వెనుక ఉన్నది మన కెట్లే సూత్రమే. అన్ని వయసులకూ కనీసం బీఎంఐ 18. పైన గీత 17 నుంచి 20 ఏళ్లవారికి 22, 20 దాటి 30 లోపు వారికి 23. లెక్క కట్టి చూడండి. 162 సెంటీమీటర్ల కుర్రాడికి కనీసం 47.2 కేజీలు, 20 ఏళ్ల లోపైతే 57.7 దాటకూడదు. 166 సెంటీమీటర్లవాడికి 49.6 నుంచి 60.6 దాకా. పాత 48కి, 50కి ఎంత దగ్గరో గమనించారా? కండలు పెంచిన క్రీడాకారులు పై గీత దాటితే, నడుము చుట్టుకొలత వంటివి చూసి కొంత సడలింపు ఉంది. కింది గీత విషయంలో అలాంటి దారి కనబడదు. మనవాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది కింది గీత దగ్గరే.

కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పోస్టుల్లో ఎస్టీ అబ్బాయిలకు 162.5 సెంటీమీటర్లు, తీవ్రవాద ప్రభావిత జిల్లాల ఎస్టీలకు 160. రాష్ట్ర పోలీసు నియామకాల్లో ఇతరులకు 167.6 ఎత్తు, 86.3 ఛాతీ అడిగేచోట ఏజెన్సీ గిరిజనులకు 160, 80గా సడలించారు. చెల్లెళ్లకూ చెప్పాలి: కానిస్టేబుల్ పోస్టుకు మహిళలకు 152.5 సెంటీమీటర్లు, 40 కేజీలు ఉంటే, ఎస్టీ మహిళలకు 150 సెంటీమీటర్లు, 38 కేజీలు. అంకెలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనే ప్రమాణం.

ఈ సడలింపులు దయాభిక్ష అని ఎవరైనా ఎగతాళి చేస్తే, 1914లో బ్రిటన్ రెండు నెలల్లో రెండుసార్లు జరిపిన గీత గురించి చెప్పండి.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సడలించిన గీతను కూడా అందుకోలేకపోతున్న పిల్లలున్నారు. అది జాతి లోపం కాదు, కంచం లోపం. చోడి అంబలి, సామలు, కొర్రలు, కందులు, ఉలవలు, అడవి దుంపలు, చేపలు, పెరటి కోడి ఉన్న కంచం మన తాతలది. దాని స్థానంలో తెల్లన్నం, పలచటి చారు వచ్చి చేరాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక బడుల్లో వండిన భోజనం హక్కుగా వచ్చింది. ఇంగ్లండు 1906లో నేర్చుకున్న పాఠం మనకు చేరడానికి దాదాపు వందేళ్లు పట్టిందన్నమాట. అంగన్‌వాడీలో గుడ్డు, ఆశ్రమ పాఠశాలలో పప్పు సరిగా పెడుతున్నారా అని అడగడం, ర్యాలీకి పదిహేనేళ్ల ముందే మొదలుపెట్టిన తయారీ లాంటిది.

ఇక ర్యాలీకి వెళ్లే తమ్ముళ్ల సంగతి. డజను అరటిపళ్లు మింగి, రెండు లీటర్ల నీళ్లు తాగితే మెషిన్ మీద రెండు కేజీలు పైనే కనబడుతుంది, నిజమే. కానీ ర్యాలీలో ముందుగా 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. కడుపులో నీళ్లు ఊగుతుంటే ఆ పరుగు పోతుంది. పాసైనా, తరువాత జరిగే మెడికల్‌లో మళ్లీ తూస్తారు, ఆ నీళ్లు అప్పుడుండవు. అతిగా నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి రావచ్చు కూడా. జిమ్ముల్లో అమ్మే గుర్తుతెలియని పొడుల జోలికి, ఇంజెక్షన్ల జోలికి అసలు వెళ్లొద్దు.

మూడు పూటలా తింటున్నా బరువు ఎక్కకపోతే, నులిపురుగులా, రక్తహీనతా, క్షయా, సికిల్‌సెల్లా అన్నది దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. మన ప్రాంతంలో ఇవి అరుదు కాదు. మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాస్తే, అది తాత్కాలికమా శాశ్వతమా, మళ్లీ పరీక్షకు ఏ ఆసుపత్రికి, ఏ తేదీలోగా వెళ్లాలి అని అక్కడే అడిగి రాయించుకోండి. సిగ్గుపడి వచ్చేస్తే గడువు పోతుంది.

ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 162 సెంటీమీటర్లున్న కుర్రాడు ఇప్పుడు 45 కేజీలున్నాడనుకోండి. కావలసింది 47.2. తేడా రెండు కేజీల రెండు వందల గ్రాములు. ర్యాలీకి ఆరు నెలలుంటే నెలకు 370 గ్రాములు. రోజూ తినేదానికి తోడు రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగలు, ఒక గ్లాసు చిక్కటి చోడి జావ, రాత్రి నిద్ర, పరుగుతో పాటు దండీలు, బస్కీలు. నెలకోసారి, పొద్దున్నే పరగడుపున, ఒకే మెషిన్ మీద తూచుకుని నోటుబుక్కులో రాసుకోవాలి. రెండు కేజీల నిజమైన బరువును మొదటి నెలలో మొదలుపెట్టినవాడు అందుకుంటాడు. చివరి వారంలో మొదలుపెట్టినవాడికి మిగిలేది అరటిపళ్లు, నీళ్లే.